తలుపు సందున పసివ్రేళ్ళు

ఎండవానలను, దొంగలను, ఊరకుక్కలను ఇంటిలోనికి రానీయకుండుటకే మనము తలుపులు పెట్టించుకొందుము. కాని ప్రాకుట మాని, అప్పుడే గోడ పట్టుకొని నిలువనేర్చిన శిశువునకు ఆ తలుపే అపాయకరమైన యంత్రమగుచున్నది. ఇంటిలోని కత్తిపీటను, పొయ్యిని, పెరటిలోని బావిని చూచి మనము జాగ్రత్తపడుదుము. తలుపును చూచి జాగ్రత్తపడువారు అరుదు. అది కదలక నిలిచియున్నంతసేపు గోడలో భాగముగనే కన్పట్టును గదా!

శుభకార్యము జరుగుచున్న యింటినొకదానిని తలచుకొనుడు. బంధువులు వచ్చుచు పోవుచుందురు. వంటవారు బుట్టలు మోయుచు పెరటి తలుపును మోచేతితో నెట్టుకొని పోవుచుందురు. పిల్లలు దాగుడుమూతలాడుచుందురు. ఒక బాలిక తెరచియున్న తలుపు వెనుక దాగును. రెండేండ్ల చెల్లెలు అక్కను వెదకుచు వచ్చి, తలుపునకును ద్వారబంధమునకును నడుమ కన్పడు వెలుగుచారకు కన్ను చేర్చి చూచును. చూచునపుడు పడిపోకుండ ఆ సందులోనే వ్రేళ్ళు పెట్టి పట్టుకొనును. వెనుకనున్న అక్క నవ్వుచు తలుపును నెట్టును. ఆ పిల్ల యేడుపు విని పెద్దలు పరుగెత్తివచ్చి, ముందుగా అక్క వీపుపై రెండు దెబ్బలు వేయుదురు. ఆ అక్క చేసిన తప్పేమి? తలుపును నెట్టినది, అంతే. పెద్దలు దినమునకు ఇరువది పర్యాయములు చేయుపనియే అది.

ఇట్టి ప్రమాదములకు గురియగువారిలో నాలుగైదేండ్ల లోపు పిల్లలే హెచ్చు. చిన్నపిల్లల వ్రేలి కొనలు నలుగుటకు తలుపులే ముఖ్యకారణమని అనేక దేశముల ఆసుపత్రుల అనుభవము చెప్పుచున్నది. మన గ్రామములలో ఈ లెక్క వ్రాసిపెట్టువారు లేరు. గోరు ఊడినచో పసుపు అద్ది గుడ్డ కట్టుట, నాలుగు దినములు పిల్లను చంకనుండి దింపకుండుట, పిమ్మట మరచిపోవుట, ఇదియే మన పద్ధతిగా ఉన్నది. మరచినవారు పెద్దలు మాత్రమే. వంకర తిరిగిన గోటితో, పొట్టియైన వ్రేలితో ఆ బిడ్డ పలకపై అక్షరములు దిద్దవలెను, పెరిగిన పిమ్మట సూదిలో దారమెక్కింపవలెను, ప్రత్తి తీయవలెను.

తలుపునకు రెండు అంచులున్నవి. గొళ్ళెమున్న అంచు ఒకటి, మడతబందులున్న అంచు మరియొకటి. ప్రమాదమనగానే మనకు గొళ్ళెమున్న అంచే తోచును. అది కంటికెదురుగ కదలును. మూయువారి చేయియు అచ్చటనే ఉండును. కాని ఘోరమైన దెబ్బలు తగులునది తరచుగా బందులవైపుననే. అందులకు కారణమును కొంచెము వివరముగా చెప్పుట యవసరము. ఇది తెలిసినచో తక్కిన జాగ్రత్తలన్నియు తమంతట తామే తోచును.

అడకత్తెరలో పోకచెక్క యను మాట మనకు క్రొత్తది కాదు. ముదుసలి అవ్వ సైతము రాతివంటి పోకచెక్కను సునాయాసముగా కత్తిరించును. ఆమె చేతిలో అంత బలమున్నదా? లేదు. ఆమె పట్టుకొనునది పిడికొన. పోకచెక్క ఉండునది కీలు దగ్గర. కీలునకు దూరముగా వేసిన కొద్దిపాటి బలము కీలు దగ్గర అనేక రెట్లగును. తలుపు కూడ ఒక పెద్ద అడకత్తెరయే. రెక్క వెడల్పు 90 సెంటీమీటర్లనుకొందము. గొళ్ళెము దగ్గర మనము 5 కిలోల బరువునకు సమానమైన బలముతో నెట్టితిమనుకొందము. అది పిల్లవాడు సైతము నెట్టగల బలమే. బందునకు 4 సెంటీమీటర్ల దూరములో చిక్కిన వ్రేలిపై ఆ బలము ఇరువదిరెండు రెట్లకు పైగా పెరిగి సుమారు 112 కిలోలగును. మనము 75 కిలోల ధాన్యపు బస్తాగా లెక్కించు కొలత ప్రకారము అది బస్తాన్నర బరువు. అంత బరువు చిక్కుడుకాయంత వ్రేలిపై, అదియు కొయ్య అంచున పడుచున్నది.

ఇందులో మరియొక దురదృష్టమున్నది. తలుపు నెట్టువారికి వ్రేలు అడ్డుపడినట్లు చేతికి తెలియదు. బందు దగ్గరి అడ్డు గొళ్ళెము దగ్గరకు వచ్చుసరికి స్వల్పమైన పట్టుగా మాత్రమే తోచును. వానకాలములో మన కొయ్యతలుపులు నీరు పీల్చి ఉబ్బును. గడపకు రాచుకొనుచు, సగము పడి ఆగిపోవును. అప్పుడు భుజముతో ఒక్క త్రోపు త్రోయుట మనకందరకు అలవాటైనది. తలుపు ఆగినదనగా ఉబ్బినదనియే తలంతుము. ఆ త్రోపుననే పసివాని యెముక చితుకుచున్నది. కాబట్టి తొలకరికి ముందే వడ్రంగిచేత, రాచుకొను అంచులకు చిత్రిక పట్టించుట తలుపు బాగునకే కాక పిల్లల రక్షణకును ముఖ్యమైన పని. ఏ ఇంటనైనను సులభముగా పడు తలుపును బలముగా నెట్టువారుండరు.

సందు ఏ వైపున విచ్చుకొనునో కూడ గమనింపవలెను. మడతబందుల గుండ్రని భాగము కన్పడు వైపున సందు సన్నముగ ఉండును. దానికి ఎదుటివైపున, అనగా తలుపు లోనికి తెరచుకొనునదైనచో వెలుపలి వైపున, రెక్క దళసరికి తగినంత వెడల్పుగా నోరు తెరచుకొనును. రెక్క అంగుళమున్నర మందముండినచో సందును దాదాపు అంతే. తలుపు మూయగానే అది కొన్ని మిల్లీమీటర్లకు కుంచించుకొనిపోవును. బందులు లేకుండ క్రింద పైన కొయ్య బొడిపెలపై తిరుగు పాతకాలపు బరువైన తలుపులందును ఇట్టి సందే కలదు. వాని బరువు వలన ముప్పు ఇంకను హెచ్చు.

పిల్లల వ్రేళ్ళకు ఏ సందు ప్రమాదకరము? ఐరోపా దేశములలో ఆటస్థలముల పరికరములకు వాడు ప్రమాణములో వ్రేళ్ళు చిక్కు అవకాశమును సుమారు 8 మిల్లీమీటర్ల కొలకఱ్ఱతోను, 25 మిల్లీమీటర్ల కొలకఱ్ఱతోను పరీక్షింతురు. మనకు అట్టి పరికరమక్కరలేదు. బడిపిల్లవాని పెన్సిలు మందము సుమారు 7 మిల్లీమీటర్లు. తలుపును మెల్లగా తెరచుచు మూయుచు, సందులో పెన్సిలు దూరుచోట్లనెల్ల పసివ్రేలు దూరునని యెంచుకొనవచ్చును. ఈ పరీక్షకు పెన్సిలునే వాడుడు. మీ వ్రేలిని వాడవలదు.

ఇక చేయదగిన పనులను చెప్పుదము. అన్నింటికంటె సులభమైనది, పగటివేళ తెరచియుంచు తలుపును తెరచియే నిలుచునట్లు చేయుట. మన యిండ్లలో వీథివాకిలికి ఎదురుగా పెరటివాకిలి యుండుట పరిపాటి. వేసవి మధ్యాహ్నమున గాలి ఒక వాకిట ప్రవేశించి మరియొక వాకిట వెడలునపుడు ఎవరు తాకకయే తలుపు దభాలున పడును. దానికి గోడలో ఒక కొక్కెము, తలుపునకొక ఉంగరము చాలును. కొక్కెము పిల్లలకందని యెత్తున, నాలుగున్నర అడుగులపైన ఉండవలెను. పాత యిండ్లలో కొన్నిచోట్ల ఈ కొక్కెములు ఇప్పటికిని గలవు. రంగులు వేయునపుడు, గచ్చు మార్చునపుడు వానిని పెరికి పారవేసితిమి. పెద్దలు వానిని ఊరక పెట్టలేదు. కొక్కెము లేనిచోట రాతిగుండు నానించుట వాడుకలో నున్నది గాని, పిల్లలు దానిని దొర్లించుకొనిపోవుదురు, కాలిపై వేసికొందురు.

తలుపు పూర్తిగా పడకుండ ఆపుటకు పాత తువాలు మంచి సాధనము. దళసరి తువాలును మడిచి తలుపు పై అంచున, గొళ్ళెమువైపు మూలకు దగ్గరగా వ్రేలాడవేసినచో, రెక్క ద్వారబంధమునకు ఆనకముందే ఆగిపోవును. పిల్లలకది అందదు, ఖర్చును లేదు. రెండు రెక్కల తలుపునకు రెండు తువాళ్ళు వేయవలెను. రాత్రి గడియ పెట్టునపుడు తీసివేయవచ్చును. పట్టణపు దుకాణములలో ఇందులకై మెత్తని స్పాంజి బిళ్ళలు అమ్ముచున్నారు, అవియు మంచివే. అయితే పిల్లలకందు ఎత్తున పెట్టినచో కొరికి మ్రింగుదురు.

ఈ రెండును గొళ్ళెమువైపు మాత్రమే పనిచేయును. తువాలు వలన రెక్క పూర్తిగా మూసికొనకపోయినను బందులవైపు సందు చాలవరకు కుంచించుకొనుచునే యుండును. దానికి వేరొక ఉపాయము కావలెను: ఆ సందునకు ముసుగు వేయుట. ట్రాక్టరు చక్రపు పాత ట్యూబునుగాని, దళసరి కాన్వాసునుగాని, రెక్సినునుగాని ఆరేడు అంగుళముల వెడల్పున, నాలుగడుగుల పొడవున కోయవలెను. ఒక అంచును ద్వారబంధముపైనను, రెండవ అంచును తలుపు రెక్కపైనను పెట్టి, పైన సన్నని చెక్కపట్టీలు వేసి మరలతో బిగింపవలెను. తలుపును పూర్తిగా తెరచి యుంచియే కొలత తీసికొనవలెను. మూసి కొలిచినచో పట్టీ పొట్టిదై, తెరచిన మొదటి దినముననే చినుగును. మూసినపుడు పట్టీ మడత వెలుపలికి ఉబ్బునట్లు చూడవలెను. సందులోనికి మడతపడినచో అది నలుగుటయే కాక పిల్లల చేతిని లోపలికి దారిచూపును. పట్టీ నేలనుండి మొదలు కావలెను. ప్రాకు పిల్లలు అడుగుభాగముననే చేయి పెట్టుదురు. మేకులకంటె మరలు మేలు. మేకు ఊడినచో అది నోటిలోనికే పోవును.

లోపలి గదులకు తలుపులు నిజముగా అవసరమా యని కూడ ఆలోచింపదగును. పిల్లలు తిరుగాడు గదికిని వంటయింటికిని నడుమ తలుపు రెక్క తీసివేసి గుడ్డ తెర వ్రేలాడదీసిన యింట ఆ ప్రమాదమే లేదు. పొయ్యి దగ్గరకు పిల్లలు పోకుండ ఆపవలసియున్నచో నడుము యెత్తు కఱ్ఱ అడ్డు వేసికొనవచ్చును. ఇది అందరకు నచ్చదని యెరుగుదుము. తలుపు లేని గది అసంపూర్ణమని మనలో చాలమంది భావన. బిడ్డ అయిదేండ్లు దాటిన పిమ్మట రెక్కను మరల బిగించుకొనవచ్చును గదా.

ఇటీవలి కాలమున వచ్చిన ఇనుప రేకు తలుపులను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 2014లో స్వచ్ఛ భారత్ ఉద్యమము ఆరంభమైన పిమ్మట గ్రామములలో మరుగుదొడ్లు విరివిగా నిర్మింపబడినవి. వానిలో పెక్కింటికి పలుచని రేకు తలుపులే. కొయ్య అంచు నలుపును. రేకు అంచు కోయును. నీరు పోయు రబ్బరు గొట్టమును నిలువున చీల్చి రేకు అంచునకు తొడిగినచో కోత తప్పును. బడి ఆవరణపు పెద్ద ఇనుపగేటుపై పిల్లలు ఎక్కి ఊగుటను మీరందరు చూచియేయుందురు. ముడుచుకొను కటకటాల గేటులో ప్రతి అడ్డపట్టీయు ఒక కత్తెర. దాని దగ్గర పిల్లలుండగా మూయకుండుట తప్ప వేరు మందు లేదు. ట్రాక్టరు ట్రక్కు వెనుక తలుపు, బీరువా తలుపు, కారు తలుపు కూడ ఈ జాతివే.

ఎంత జాగ్రత్తపడినను ప్రమాదము జరుగవచ్చును. అప్పుడు చేయవలసినది తెలియకపోవుట వలననే చిన్నగాయము పెద్దదగుచున్నది. మొదట తలుపును వెనుకకు తెరచి వ్రేలిని విడిపింపవలెను. వ్రేలిని పట్టి లాగరాదు. శుభ్రమైన చల్లని నీటిధార క్రింద కడిగి, ఉతికిన గుడ్డతో చుట్టి, చేతిని గుండెకంటె యెత్తుగా పట్టుకొని, నెత్తురు వచ్చుచున్నచో పది నిమిషములు వదలక మెల్లగా నొక్కియుంచవలెను. పసుపు, సున్నము, కాఫీపొడి, కిరసనాయిలు, పేడ, ఆకుపసరు ఏదియు పెట్టరాదు. వేలాడుచున్న గోటిని పీకివేయరాదు. వ్రేలి కొన తెగి పడినచో దానిని వెదకి, తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, ఆ సంచిని మంచునీటిలో ఉంచి బిడ్డతోపాటు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తెగిన భాగము మంచుగడ్డకు నేరుగా తగులరాదు.

గోరు మొదలు లేచివచ్చినను, వ్రేలు వంగినను, గోరు క్రింద అంతయు నల్లబడినను, నెత్తురు ఆగకున్నను, బిడ్డ వ్రేలిని కదల్పకున్నను ఎక్స్‌రే గల ఆసుపత్రికి చేర్చవలెను. 108 వాహనమును పిలువవచ్చును. గోరు ఊడుట చిన్న విషయమని యెంచరాదు. పిల్లల వ్రేలి చివరి యెముక పెరుగు స్థానము గోటి మొదలుకు అతి సమీపముననే యున్నది. గోరు మొదలు లేచినపుడు ఆ చోటనే యెముక విరిగియుండవచ్చును. సీమోర్ అను వైద్యుడు 1966లో ఈ విరుగుడును వర్ణించినందున వైద్యులు నేటికిని దానిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. ఉత్త గోటిగాయమని కట్టు కట్టి యూరకున్నచో యెముకకు చీము పట్టుటయు, వ్రేలి పెరుగుదల ఆగుటయు సంభవము.

మరొకవైపు, అధైర్యపడవలసిన పనియు లేదు. పసివారి వ్రేలి కొనకు తిరిగి పెరుగు శక్తి పెద్దలకంటె హెచ్చు. ఇంగ్లండులోని షెఫీల్డు నగర వైద్యురాలు సింథియా ఇల్లింగ్‌వర్త్, కొన తెగిన పిల్లల వ్రేళ్ళకు శస్త్రచికిత్స చేయక శుభ్రమైన కట్టు మాత్రమే కట్టి, అవి చక్కగా పూడి పెరుగుటను గమనించి 1974లో ప్రకటించెను. ఏ గాయమునకు కట్టు చాలునో, దేనికి శస్త్రచికిత్స అవసరమో నిర్ణయింపవలసినది వైద్యుడే. పోయిన గోరు పూర్తిగా వచ్చుటకు కొన్ని నెలలు పట్టును. బిడ్డకు టీకాలన్నియు సకాలములో పడినవా యని టీకాల కార్డు చూపి అడుగవలెను. ఆరు, పది, పదునాలుగు వారములకు వేయు టీకాలలోను, ఏడాదిన్నర ప్రాంతమునను, అయిదారేండ్లకును వేయు టీకాలలోను ధనుర్వాతమునకు రక్షణ కలదు.

ఇదియంతయు గృహస్థుల పనియే గదా, పంచాయితీకేమి సంబంధమని కొందరడుగవచ్చును. 73వ రాజ్యాంగ సవరణ వలన చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో ప్రాథమిక విద్య, స్త్రీ శిశు అభివృద్ధి, సామూహిక ఆస్తుల సంరక్షణ చేరియున్నవి. అంగన్‌వాడీ కేంద్రములో ఆరేండ్ల లోపు పిల్లలు ఇరువదిమంది ఒకే గదిలో, ఒకే తలుపు దగ్గర, ఒక కార్యకర్త, ఒక ఆయా సంరక్షణలో నుందురు. ఆయా వంటపనిలో నున్నపుడు ఆ తలుపును కాచువారెవరు? ఇంటి తలుపు సంగతి ఇంటివారికి చెప్పగలము గాని, అంగన్‌వాడీ తలుపు సంగతి అడుగవలసినది మీరే.

అందువలన మా సూచన యిది. వచ్చే సమావేశమునకు ముందు ఇద్దరు సభ్యులు ఒక వడ్రంగిని వెంటబెట్టుకొని అంగన్‌వాడీకిని, ప్రాథమిక పాఠశాలకును, పంచాయితీ కార్యాలయమునకును పోయి ప్రతి తలుపును పెన్సిలుతో పరీక్షింపుడు. ఏ తలుపునకు కొక్కెము కావలెనో, దేనికి ముసుగుపట్టీ కావలెనో, దేనికి చిత్రిక పట్టవలెనో అక్కడనే వ్రాసికొనుడు. సాధారణముగా ఒక వడ్రంగికి ఒకటి రెండు దినముల పని. కేంద్రము అద్దె యింటిలో నడచుచున్నచో ఇంటి యజమానితో మీరే మాటాడుడు. గోడలో కొక్కెము కొట్టుటకు కార్యకర్త అడిగినచో కాదనువాడు సర్పంచి అడిగినచో అంత సులభముగా కాదనలేడు. ఆశా కార్యకర్తను, గ్రామ ఆరోగ్య కార్యకర్తను పిలిచి, ఇకపై వ్రేలు నలిగిన ప్రతి బిడ్డ విషయములోను ఏ తలుపు, ఏ అంచు, ఎవరు మూసిరి అను మూడు మాటలు ఒక పుస్తకములో వ్రాసియుంచుమనుడు. ఏడాది తిరుగుసరికి మీ గ్రామములో ఏ రకపు తలుపు వలన హాని యెక్కువో మీకే తెలియును. గ్రామసభలో ఆ పుస్తకము చదివి వినిపించినచో క్రొత్త యిండ్లు కట్టుకొనువారు ద్వారబంధములెత్తకముందే వడ్రంగికి చెప్పుకొందురు.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పిల్లలు తలుపు జోలికి పోరాదని వారిని గదిలో పెట్టి బయట గొళ్ళెము వేయుట ఎంతమాత్రము తగదు. నిప్పు అంటుకొన్నపుడు తెరచుకొనని తలుపు, వ్రేలు నలుపు తలుపుకంటె ఘోరమైనది. మీరు చేయించు ఏ యేర్పాటైనను పెద్దలు ఒక్క చేతితో క్షణములో తీయగలుగునట్లు ఉండవలెను.

రబ్బరు పట్టీ యెండకు బీటలు వారును, మరలు సడలును. ఉగాదికి ముందు ఇండ్లకు సున్నము వేయు దినములలో పట్టీలను ఒకమారు లాగి చూచి, చినిగినవానిని మార్పించుట అనుకూలముగా నుండును. కొక్కెములకు సున్నము పూసి బిగుసుకొనిపోనీయక, ఆ దినముననే నూనెచుక్క వేయింపవలెను.